ఇ.సి.జి. అంటే కరెంటు పెట్టడం కాదు

"గుండెకి కరెంటు పెడతారటగా వదినగారూ?" అని భయపడింది మా మైలవరంలో పక్కింటావిడ. పెట్టరు. గుండె తనలో పుట్టించుకునే విద్యుత్తునే మిషను కాగితం మీద గీస్తుందంతే. ఛాతీ మీద 6 చోట్ల, కాళ్ళకీ చేతులకీ 4 వైర్లు తగిలిస్తారు. నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది.

మనకి అసలు ఇబ్బంది రవిక దగ్గరే! ముందు హుక్కులున్నది వేసుకెళ్ళండి. నర్సుని పిలవమనీ, దుప్పటి కప్పమనీ మొహమాటపడకుండా అడగండి. ఒంటికి నూనె, క్రీము రాసుకోవద్దు.

రిపోర్టు బాగుందంటే ఆ కాసేపటి సంగతే. ఆయాసం, చెమటలు, దవడ నొప్పి తగ్గకపోతే మళ్ళీ తీయమనాలి. మనమేమో గ్యాసేలెమ్మని వాము నమిలి పడుకుంటాం! ఆ కాగితం మీద గీతలు కొన్నాళ్ళకి వెలిసిపోతాయి. జిరాక్సు తీయించి దాచండి, ఈసారి తీసినదాంతో డాక్టరుగారు పోల్చి చూస్తారు.