పాఠం చెప్పే విద్యార్థులు

రంగారెడ్డి జిల్లాలో జల్‌పల్లి, ఇబ్రహీంపట్నం పరిసరాల్లో, ముఖ్యంగా నాగార్జునసాగర్ రహదారి వెంట మంగల్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్‌లలో ఇంజినీరింగ్ కళాశాలలు వెలసిన తర్వాత, పైచదువుకు అమెరికా వెళ్లడం ఇక్కడి రైతు, ఉద్యోగి కుటుంబాలకు బాగా తెలిసిన దారి అయింది. 2023-24లో అమెరికాలోని విదేశీ విద్యార్థుల సంఖ్యలో 3,31,602 మందితో భారతదేశం చైనాను దాటి మొదటి స్థానానికి చేరింది. వీసా, అప్పు, ఉద్యోగాల చుట్టూ తిరిగే చర్చలో, ఆ వెళ్లినవారిలో కొందరు అక్కడి పిల్లలకు పాఠం చెబుతున్నారన్న సంగతి మరుగున పడిపోయింది.

టీచింగ్ అసిస్టెంట్, వాడుకలో టీఏ, అంటే ఆచార్యుని పర్యవేక్షణలో బోధనలో పాలుపంచుకునే పీజీ లేదా పీహెచ్‌డీ విద్యార్థి. పెద్ద తరగతికి ఆచార్యుడు ఉపన్యాసం ఇస్తే, విద్యార్థులను చిన్న జట్లుగా కూర్చోబెట్టి లెక్కలు చేయించడం, ల్యాబ్ నడపడం, పేపర్లు దిద్దడం, ‘ఆఫీస్ అవర్స్’ అనే నిర్ణీత వేళల్లో సందేహాలు తీర్చడం టీఏల పని. ఎఫ్-1 వీసాపై చదివేవారు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదు కనుక ఈ కొలువూ ఆ హద్దులోనే ఉంటుంది. బదులుగా భత్యం, చాలాచోట్ల ఫీజు మాఫీ లభిస్తాయి. ‘ఫండింగ్ వచ్చింది’ అన్న కబురులో ఇంటివారికి వినిపించేది ఆ మాఫీ ఒక్కటే.

తొలి అడ్డంకి యాసేనని అందరూ అనుకుంటారు. విదేశీ టీఏల ఇంగ్లిష్ అర్థం కావడం లేదన్న ఫిర్యాదులతో కొన్ని రాష్ట్రాలు చట్టాలే చేశాయి. పెన్సిల్వేనియా 1990లో చేసిన చట్టం బోధకుల ఇంగ్లిష్ సామర్థ్యాన్ని కళాశాలలే ధ్రువీకరించాలంది. అందుకే తరగతిలో అడుగుపెట్టకముందే మౌఖిక పరీక్ష, కొన్నిచోట్ల పరిశీలకుల ముందు నమూనా పాఠం తప్పవు. అయితే డొనాల్డ్ రూబిన్ అనే పరిశోధకుడు 1992లో ప్రచురించిన అధ్యయనం వేరే కోణం చూపింది: ఒకే అమెరికన్ గొంతులోని ఉపన్యాసాన్ని వినిపిస్తూ కొందరు విద్యార్థులకు శ్వేతజాతి మహిళ ఫొటోను, మరికొందరికి ఆసియా మహిళ ఫొటోను చూపగా, రెండో బృందం పాఠాన్ని తక్కువగా గ్రహించింది. కాబట్టి యాస దిద్దుకొమ్మన్న సలహాలో సగమే నిజం ఉంది. మిగతా సగం వినేవారి బాధ్యత.

అంతకంటే లోతైన తేడా మార్కుల దగ్గర ఎదురవుతుంది. ఫలితాలు రాగానే ర్యాంకర్ల ఫొటోలతో కూడళ్ల నిండా ఫ్లెక్సీలు లేచే చోట పెరిగినవారికి, ఒకరి గ్రేడు మరొకరికి చెప్పడాన్ని 1974 నాటి ఫెర్పా అనే అమెరికా చట్టం అనుమతించదనీ, కన్నతండ్రి ఫోన్ చేసి అడిగినా విద్యార్థి సమ్మతి లేనిదే సాధారణంగా చెప్పకూడదనీ తెలియడం చిన్న విషయం కాదు. ల్యాబ్ రికార్డు సంగతి మరీ ఇబ్బందికరం. సీనియర్ రికార్డును రీడింగులు, గ్రాఫు సహా దించేసి సంతకం చేయించుకోవడం మన దగ్గర దాదాపు ఆచారం. అక్కడ అది విచారణకు దారితీసే తప్పు. 1994లో రూపొందిన ‘మాస్’ అనే సాఫ్ట్‌వేర్, వేరియబుల్ పేర్లు మార్చినా, రెండు ప్రోగ్రాముల పోలికను పసిగడుతుంది. ఆ పోలికను ఆచార్యుని దృష్టికి తేవలసింది, నిన్నటిదాకా రికార్డులు దించుకున్న ఈ టీఏనే. పేపర్లో ఎర్రసిరాతో సున్నా చుట్టి ఊరుకోవడమూ కుదరదు. రూబ్రిక్, అంటే ఏ మెట్టుకు ఎన్ని మార్కులో ముందే రాసుకున్న పట్టిక, ప్రకారం ప్రతి కోతకూ కారణం రాయాలి. లేచి నిలబడని, ‘సార్’ అనని, పేరుపెట్టి పిలిచే పద్దెనిమిదేళ్ల కుర్రాడు ‘ఈ రెండు మార్కులు ఎందుకు పోయాయి’ అని అడిగితే, అది ధిక్కారం కాదు, హక్కు అని గ్రహించడానికే కొందరికి సెమిస్టర్ గడిచిపోతుంది.

పాఠం చెప్పడంలో ఈ సాధనకు అమెరికా దాకా ఆగవలసిన పనిలేదు. విదేశీ విద్య పేరిట జీఆర్‌ఈ, టోఫెల్ శిక్షణ ఇప్పించే కళాశాలలు, చివరి ఏడాది విద్యార్థుల చేత రెండో ఏడాది వారికి ట్యుటోరియల్ చెప్పించి, ల్యాబ్ రికార్డును ఎవరిది వారిచేత రాయించాలి. అందుకు టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక్క పీరియడ్ చాలు.