కారుతున్న వేప్ ట్యాంకు: గాలి దారి వెతకండి

నేను ఇక్కడ యూకేలో ఐటీ కన్సల్టెంటుగా పని చేస్తున్నాను. పదేళ్ళు సిగరెట్లు కాల్చి, అవి మానడానికి వేప్ పట్టుకున్నవాణ్ణి. ఏ అలవాటూ లేనివాళ్ళు దీని జోలికి పోవద్దని ముందే మనవి చేస్తున్నాను. ఒకసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని ఇక్కడ 2025 జూన్ 1 నుంచి నిషేధించారు కదా! అప్పుడే నేనూ ద్రవం నింపుకునే ట్యాంకుకి మారాను. కారడం మొదలైంది.

జేబులో రుమాలు పెట్టుకుని సర్దుకుపోయాను. ఒకరోజు మా మూడేళ్ళ పాప నా కోటు జేబులో చెయ్యి పెట్టి, ఆ జిగట వేళ్ళు నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. మా ఆవిడ చూసి చెయ్యి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ ద్రవంలో ఉండేది నికోటిన్. ఇక్కడి నిబంధనల ప్రకారం మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది. పసిపిల్లలు కొంచెం మింగినా ప్రమాదమే. చేతికి అంటితే సబ్బుతో కడగండి. మింగారని అనుమానం వస్తే ఆలోచించకుండా 999కి ఫోన్ చెయ్యండి.

ఆ రాత్రి ట్యాంకు ముందేసుకుని కూర్చున్నాను.

అసలు ఎందుకు కారుతుంది? గట్టి ప్లాస్టిక్ సీసా అడుగున సూదితో చిల్లు పెట్టి, నీళ్ళు పోసి మూత బిగించండి. నీళ్ళు ఆగిపోతాయి. మూత వదులు చేస్తే కారతాయి. ట్యాంకూ అంతే. లోపల కాయిల్ చుట్టూ దూది ఉంటుంది. చిన్న రంధ్రాల గుండా ద్రవం ఆ దూదిలోకి ఇంకుతుంది. పైనుంచి గాలి దూరిందంటే ద్రవం దూదిని ముంచేసి, అడుగునున్న గాలి రంధ్రాల్లోంచి బయటికొస్తుంది. అందుకని తడి కంటే ముందు గాలి దారి వెతకాలి.

మా సాఫ్ట్‌వేర్ పద్ధతిలో ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడండి. ముందు ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టండి. రబ్బరు రింగులు తెగాయా, మడతపడ్డాయా చూడండి. కాయిల్ మరలు సరిగ్గా ఎక్కాయా చూడండి. మాడు వాసన వస్తుంటే కాయిల్ మార్చి, నింపాక పది నిమిషాలు నాననివ్వండి. పోసేటప్పుడు మధ్య గొట్టంలో పడకుండా అంచు వెంబడి పోసి, పైన కాస్త ఖాళీ ఉంచి, వెంటనే మూత బిగించండి. ఇంకా కారితే ద్రవం పలచనేమో. పెద్ద రంధ్రాల కాయిల్‌కి గ్లిజరిన్ ఎక్కువున్న చిక్కటి ద్రవం కావాలి. గట్టిగా పీల్చినా కాయిల్ మునిగిపోతుంది.

విమానంలో క్యాబిన్ ఒత్తిడి తగ్గి, ట్యాంకులోని గాలి వ్యాకోచించి ద్రవాన్ని తోసేస్తుంది. ఎక్కేముందు ఖాళీ చెయ్యండి. ఇండియాకైతే అసలు తీసుకెళ్ళకండి. 2019 చట్టం ప్రకారం అక్కడికి దిగుమతే నిషేధం.

నా ట్యాంకులో దొరికింది వెంట్రుకంత చీలిక, గోరంత రబ్బరు రింగులో. మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. ఇప్పుడది కారడం లేదు. అయినా కోటు జేబులో పెట్టను. తాళం వేసిన సొరుగులోనే దాని చోటు.

సెలవు.