ముద్ద ముద్దకూ ఫోన్‌.. మాటకు, చదువుకు చేటు

అన్నం ముద్ద నోట పెట్టాలంటే ఫోన్‌లో బొమ్మలు ఆడాలి. ఏడుపు మాన్పాలన్నా అదే మందు. చందమామను చూపి గోరుముద్దలు తినిపించిన పల్లె లోగిళ్లలోనూ నేడు ఇదే దృశ్యం. పనుల నుంచి అలసి వచ్చిన తల్లిదండ్రులకు ఇది సులువుగా తోచవచ్చు. కానీ మాటలు నేర్చే వయసులో తెర ముందు గంటల తరబడి గడిపితే భాషకు, ఆపై చదువుకు నష్టమేనని వైద్యులు హెచ్చరిస్తున్నారు.

మాటే పునాది

మాట్లాడే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. చదవడం అలా కాదు. కంటికి కనిపించే అక్షరాన్ని చెవికి తెలిసిన ధ్వనితో జతచేస్తూ మెదడు అందుకు కొత్త దారులు వేసుకోవాలి. ‘గడి’కీ ‘గడ్డి’కీ తేడా చెవికి తెలియని పిల్లవాడికి పలకపై ఒత్తు పట్టుబడదు. ఇంట్లో విన్న మాటలే బడిలో చదువుకు పెట్టుబడి.

వీడియో నేర్పలేదు

అమెరికాలోని వాషింగ్టన్‌ విశ్వవిద్యాలయంలో పెట్రీషియా కూల్‌ బృందం 2003లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించింది. 9 నెలల పసివారిలో కొందరిని చైనా భాష మాట్లాడేవారు ఎదురుగా కూర్చుని ఆడిస్తూ, కబుర్లు చెప్పారు. మరికొందరికి అవే మాటలను వీడియోలో చూపారు. మనిషి నోట విన్నవారు ఆ భాషా ధ్వనులను గుర్తించగలిగారు. వీడియో చూసినవారికి ఏమీ అబ్బలేదు.

సిన్సినాటి పిల్లల ఆసుపత్రికి చెందిన జాన్‌ హటన్‌ బృందం 3-5 ఏళ్ల చిన్నారులు 47 మంది మెదళ్లను ఎంఆర్‌ఐతో పరిశీలించి 2019లో ఫలితాలు వెల్లడించింది. తెర వాడకం ఎక్కువగా ఉన్నవారిలో భాషకు, చదువుకు తోడ్పడే నాడీ తంతువుల పటుత్వం తక్కువగా కనిపించింది. పరిశీలించింది కొద్దిమందినే. దీనికి తెరే కారణమని ఆ అధ్యయనం తేల్చలేదు. అయితే తెర ముందు గడిచిన ప్రతి గంటా అమ్మానాన్నల మాటకు, ఆటకు, నిద్రకు దూరమైన గంటే అవుతుందన్నది మరువరాదు.

ఎంతసేపు చూడవచ్చు?

* రెండేళ్లలోపు వారికి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. 2-4 ఏళ్ల వారికి రోజుకు గంట మించరాదు. ఇంకా తగ్గితే మరీ మంచిది.

* భారతీయ శిశు వైద్యుల సంఘం 2022లో ప్రచురించిన మార్గదర్శకాలూ రెండేళ్లలోపు తెర వద్దనే చెబుతున్నాయి. బంధువులతో అప్పుడప్పుడు వీడియోలో మాట్లాడించడానికి మినహాయింపు ఉంది. గల్ఫ్‌లో ఉన్న తండ్రితో బిడ్డ ముచ్చట్లకు అడ్డు లేదు.

ఇలా చేస్తే మేలు

భోజన వేళ, పడక వేళ ఫోన్‌ను పక్కన పెట్టాలి. బిడ్డ ఏది చూపితే దాని పేరు చెప్పాలి, అడిగినదానికి బదులివ్వాలి. చూపక తప్పనప్పుడు పక్కన కూర్చుని చూస్తున్నదాని గురించి మాట్లాడించాలి. రాత్రి ఒక కథ చెప్పాలి. అందుకు పెద్దలకు చదువు రానక్కర లేదు. అక్షరం రాని నాయనమ్మ చెప్పే కథ కూడా బిడ్డ చదువుకు తొలి పాఠమే.