పాత స్టార్టరులో వెండి

చేపల చెరువుల మీద, బోర్ల దగ్గర మోటారు స్టార్టరు పాడైతే ముదినేపల్లి ప్రాంత రైతులు దాన్ని ఇనుము లెక్కన పాతసామాన్లకు వేసేయకూడదు. కరెంటును కలిపి విడదీసే పాయింట్ల మీద ఉండే చిన్న బిళ్ళలు సాధారణంగా వెండి మిశ్రమమే.

పాయింట్లు నల్లబడినంత మాత్రాన గరుకు కాగితంతో రుద్దకండి. నల్లబడ్డ వెండి కూడా కరెంటును పోనిస్తుంది. రుద్దితే వెండే అరిగిపోతుంది. బిళ్ళ అరిగి కింది పట్టీ కనబడితే, మెయిన్ ఆపి ఫ్యూజులు తీశాక, మూడు ఫేజుల పాయింట్లూ ఒకేసారి మార్పించండి. ఒక్క ఫేజు అందకపోయినా మోటారు కాలిపోతుంది.

తీసిన పాయింట్లను ఒక డబ్బాలో, రీవైండింగులో వచ్చిన రాగితీగను వేరుగా దాచండి. బిళ్ళలో ఉండేది కొద్దిపాటి వెండే కనుక నాలుగైదు స్టార్టర్లవి పోగయ్యాక, ఇద్దరు ముగ్గురిని ధర అడిగి, ఎదుటే తూకం వేయించి అమ్మండి.

ఇంట్లో మాత్రం కరిగించవద్దు. పాత పాయింట్లలో చాలావాటిలో వెండితోపాటు కాడ్మియం ఉంటుంది. ఆ పొగ ఊపిరితిత్తులను దెబ్బతీసి ప్రాణం మీదకు తెస్తుంది. నత్రికామ్లంలో వేస్తే గోధుమరంగు విషవాయువు లేస్తుంది. మిగిలిన నీళ్ళు బోదెలో పారబోస్తే, అందులోని రాగి, కాడ్మియం చెరువు చేరి చేపలను చంపుతాయి. గుప్పెడు వెండి కోసం చెరువును పోగొట్టుకోవద్దు.