జంపన్న వాగు వెంట ఆకు రాలే వేళ
కెమెరాకు పండుగ - కానీ వేళ తెలిసి వెళ్లాలి

తాడ్వాయి: జాతర రోజుల్లో లక్షలాది జనం మునిగి లేచే జంపన్న వాగును కార్తీకంలో చూసినవారు తక్కువ. అప్పుడు ఒడ్డున అంగళ్లు ఉండవు, మైకుల హోరు వినిపించదు. బురద నీరు తేరుకుని అడుగున ఇసుక కనిపిస్తుంది. పొద్దు పొడిచే వేళ నీటి మీద మంచు తెర లేస్తుంది. ఒడ్డు వెంట రెండు మూడు మైళ్లు నడిచి ఫొటోలు తీసుకోవాలనుకునే వారికి పాత వరంగల్ జిల్లాలో ఇంతకు మించిన చోటు అరుదు. ఈ ప్రాంతం 2019 నుంచి ములుగు జిల్లాలో ఉంది.

అయితే పట్నం నుంచి వచ్చే వారిలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. విదేశాల క్యాలెండర్లలో చూసిన పసుపు, ఎరుపు ఆకుల కోసం అక్టోబరులోనే వస్తారు. వచ్చి చూస్తే అడవి పచ్చగానే ఉంటుంది. ఆ దేశాల్లో చలి ముదిరి, పగలు కురచ కావడంతో ఆకు పండుతుంది. మన అడవిలో ఆకు రాలడానికి కారణం చలి కంటే నీటి కొరత. వానలు వెనుదిరిగి నేల ఆరేకొద్దీ చెట్టు తన నీటిని దాచుకోవడానికి ఆకును వదులుకుంటుంది. ఆకులోని పచ్చదనం తగ్గిపోయి, అప్పటిదాకా దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. ఈ సంగతి పశువులు కాసే పిల్లవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు!

మరి ఆశ్వయుజంలో ఏముంది? పూలున్నాయి. గట్ల మీద గునుగు, తంగేడు, బతుకమ్మ కోసం తట్టలతో నడిచే ఆడపడుచులు. వరంగల్ వాసి, 2022లో కన్నుమూసిన ఛాయాగ్రాహకుడు భరత్ భూషణ్ బతుకమ్మ చిత్రాలతో పేరు పొందారు. ఇక ఆకుల రంగు కావలసినవారు పుష్య, మాఘ మాసాల్లో రావాలి. టేకు ఆకులు అప్పడాల్లా ఎండి నేల రాలతాయి. నడిస్తే వచ్చే చప్పుడుకు పిట్టలు ముందే లేచిపోతాయి. ఫాల్గుణానికి మోదుగ, బూరుగు ఆకులు లేకుండా ఎర్రగా పూస్తాయి. అప్పటికి వాగులో నీరు సన్నగిల్లుతుంది. అందుకే జాతర స్నానాలకు లక్నవరం చెరువు నీటిని విడుస్తుంటారు.

ఫొటో తీసేవారికి ఉదయం తొమ్మిది గంటల లోపు వెలుగే మేలు. మిట్టమధ్యాహ్నం చెట్ల నీడ, ఎండ ముక్కలు ముక్కలుగా పడి చిత్రం చెడుతుంది. సెల్‌ఫోన్ అయినా సరే, వంగి నీటికి దగ్గరగా పట్టుకుంటే చెట్ల నీడ కూడా అందులో పడుతుంది.

ఏటా ఒకే చోట నిలబడి ఒకే దృశ్యం తీసేవారు మరీ అరుదు. ఆ పని విలువ 2024 ఆగస్టు 31న తెలిసింది. ఆనాడు తాడ్వాయి - మేడారం అడవిలో సుడిగాలి చెలరేగి కొద్దిసేపట్లోనే వేల చెట్లను కూల్చివేసింది. నష్టం 50 వేల చెట్లకు పైగానే ఉంటుందని అధికారులు అంచనా వేశారు. గాలి ఊళ్ల మీదికి రాకపోవడం వనదేవతల చలవేనని జనం చేతులెత్తి మొక్కారు. అక్కడ చెట్లు ఎంత దట్టంగా ఉండేవో రేపటి పిల్లలకు చూపాలంటే ఎవరో ఒకరు తీసి పెట్టుకున్న పాత ఫొటోయే దిక్కు.

ఈ వాగు ఎప్పుడూ ఇంత నెమ్మదిగా ఉంటుందనుకోవద్దు. 2023 జులై 27తో ముగిసిన 24 గంటల్లో ఇదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్న వాగు పొంగి కొండాయి గ్రామంలో పలువురి ప్రాణాలు తీసింది. పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడి ఎండలో కనిపించదు. వానాకాలంలో ఒడ్డు దిగరాదు.

ఎండాకు రాలిన రోజుల్లో భయం నిప్పుది. ఇప్పపూవు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టినా, ఆర్పని బీడీ విసిరినా మంట కిలోమీటర్ల మేర పాకుతుంది. ఏటూరునాగారం అభయారణ్యంలో ఎలుగుబంట్లు తిరుగుతాయి. ఇటీవలి సంవత్సరాల్లో పులి జాడలూ కనిపించాయి. అడవి లోపలికి నడవాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకుని, దారి తెలిసిన స్థానికుడిని వెంటబెట్టుకోవాలి. హన్మకొండ నుంచి ములుగు, పస్రా మీదుగా తాడ్వాయికి రోడ్డు ఉంది. తెల్లవారి వెలుగు కావాలంటే ముందురోజు సాయంత్రానికే చేరుకోవడం మంచిది.