ఫ్యాక్టరీ తెరిస్తే కొలువు తిరిగొస్తుందా?

రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. అక్కడే రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ పేరుతో కట్టిన కొత్త కర్మాగారంలో ఉత్పత్తి మొదలైంది 2021లో. గేటు మూసిననాడు ముప్పై అయిదేళ్లున్న కార్మికుడికి అప్పటికి యాభై ఏడొచ్చాయి. పైగా పాతది బొగ్గు మీద నడిచేది, కొత్తది గ్యాస్ మీద నడుస్తోంది. చేతిలో ఉన్న పనితనానికీ అక్కడ పెద్దగా గిరాకీ లేదు. ఆదిలాబాద్ సిమెంటు ఫ్యాక్టరీది ఇంకో కథ: 1990ల్లో ఆగిన ఉత్పత్తి మళ్లీ మొదలు కాలేదు, ఎన్నికల ప్రసంగాల్లో మాత్రం అది ఎన్నోసార్లు తెరుచుకుంది. మూతపడేలా ఉన్న కంపెనీలో ఉండాలా, మానెయ్యాలా అని తేల్చుకోలేకపోతున్నవాళ్లు మొదట విడదీసి చూసుకోవాల్సింది ఇదే. కంపెనీ బతకడం వేరు, అందులో మన కొలువు బతకడం వేరు.

కాగజ్‌నగర్‌ను చూపించి దీన్ని కాదనేవాళ్లుంటారు. నిజాం కాలంలో పుట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు వల్లే ఆ ఊరికి ఆ పేరొచ్చింది. 2014లో మిల్లు ఆగింది, 2018లో జేకే పేపర్ దాన్ని తీసుకుని తెరిచింది. ఓపిక పట్టినవాళ్లకు ఫలితం దక్కింది కదా అంటారు. కానీ తెరుచుకున్న మిల్లు ఒక్కటి కళ్లముందు ఉంటుంది, తెరుచుకోనివి లెక్కలోకి రావు. ఆ మిల్లు విషయంలోనూ నడుమ నాలుగేళ్లున్నాయి. పిల్లల ఫీజులు, కిరాయి, మందులు, వడ్డీ నాలుగేళ్లు ఆగవు. మిల్లును మళ్లీ నిలబెట్టింది దివాలా ప్రక్రియ, కొత్త యజమాని పెట్టుబడి, ప్రభుత్వ రాయితీలు. ఇవేవీ గేటు బయట ఎదురుచూసేవారి చేతిలో లేవు.

అలాగని రేపే రాజీనామా రాసివ్వమని కాదు. చట్టం దృష్టిలో తీసేయడానికీ మానేయడానికీ చాలా తేడా ఉంది. ఏడాది నిరంతరాయంగా పనిచేసిన కార్మికుణ్ణి ఖర్చు తగ్గించుకోవడానికి యాజమాన్యం తొలగిస్తే, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి, కనీసం నెల ముందు నోటీసో, దానికి బదులు జీతమో ఇవ్వాలి. తనంతట తాను మానేస్తే ఆ పరిహారం అడగలేడు. “నువ్వే రాసిచ్చి వెళ్లిపో, పరువుగా ఉంటుంది” అని పైవాళ్లు మెత్తగా చెప్తున్నారంటే ఆ పరువు ఎవరికి లాభమో ఆలోచించాలి. గ్రాట్యుటీకి మామూలుగా అయిదేళ్లు, పీఎఫ్ పింఛనుకు పదేళ్లు ఉండాలి. తొమ్మిదేళ్ల సర్వీసున్నవాళ్లు తొందరపడి మానేసి, తర్వాత పీఎఫ్ ఉన్న పని దొరక్కపోతే ఆ కొద్దిపాటి లోటు ముసలితనం దాకా వెంటాడుతుంది.

మరి ఎన్నాళ్లు ఉండాలి? పుకార్లను కాదు, పీఎఫ్ పాస్‌బుక్‌ను చూడాలి. జీతం చీటీలో కోత కనిపిస్తూ, పాస్‌బుక్‌లో చివరి జమ మూడు నెలల కిందటే ఆగిపోయి ఉంటే, కంపెనీ కార్మికుల సొమ్ముతో రోజులు వెళ్లదీస్తోందని అనుమానించాల్సిందే. జీతాలు కూడా నెలనెలా వెనక్కి జరుగుతుంటే ఇంకా ఉండడం అంటే ఆ కంపెనీకి అప్పిచ్చినట్టే. 2016 దివాలా చట్టం ప్రకారం, కంపెనీ ఆస్తులు అమ్మి బాకీలు తీర్చే దశ వస్తే, అంతకుముందరి 24 నెలల కార్మికుల బకాయిలే తాకట్టున్న బ్యాంకు అప్పులతో సమానంగా నిలుస్తాయి. అంతకన్నా పాతవి వరసలో వెనక్కి పోతాయి. జీతం లేని పనిని సహనమని మెచ్చుకునేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

కాంట్రాక్టు కార్మికుల లెక్క వేరు. టెండరు మారితే కాంట్రాక్టరు మారతాడు. మనిషి అతనే, పనీ అదే, సర్వీసు మాత్రం చాలాచోట్ల మళ్లీ మొదటి నుంచి. గడువు తీరి కాంట్రాక్టు ముగిస్తే దాన్ని తొలగింపు కింద లెక్కించరు. అంటే కొలువు ఎంత బలహీనమైతే మానేస్తే పోయేది అంత తక్కువ. అయినా సింగరేణిలాంటి చోట ఏదో ఒకనాడు పర్మినెంటు చేస్తారన్న ఆశ మనిషిని కట్టిపడేస్తుంది. ఆ ఆశ తప్పని అనలేం. కాకపోతే అది సంఘం పెట్టుకుని కొట్లాడితే నెరవేరేది, ఒక్కడే ఓపికపడితే వచ్చేది కాదు.

బయట పనులే లేనప్పుడు ఈ లెక్కలన్నీ ఎందుకని అడగొచ్చు. పనులు కరువైన రోజుల్లోనే వెతుకులాట ముందుగా, ఉన్న పని చేస్తూనే మొదలుపెట్టాలి. పని పోయాక వెతికేవాడు ఎంతిస్తే అంతకు ఒప్పుకుంటాడు. కరీంనగర్, జగిత్యాల వైపు చాలామంది గల్ఫ్ వీసా కోసం అప్పుచేసేది ఆ తొందరలోనే. నమోదైన ఏజెంటు సేవా రుసుము కింద 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షలు అడిగినా, విజిట్ వీసా మీద పొమ్మన్నా అక్కడితో మాట ఆపేయాలి. గల్ఫ్‌లో పనివీసా చాలావరకు యజమానికి ముడిపడి ఉంటుంది. ఇక్కడి కాంట్రాక్టరుతో పడకపోతే ఇంటికి రావచ్చు, అక్కడ పడకపోతే నెత్తిన అప్పుతో రావాలి.