చిన్న దొరగారి వేటమాంసం

వెయ్యి సంవత్సరాల క్రితం చైనా దేశంలో, చింగ్‌యాంగ్ అనే ఊరిలో షి జీ అనే ఒక ఉప అధికారి ఉండేవాడు. అధికారం చేతిలో ఉన్నా లంచం ముట్టలేదు. ప్రజల మేలు కోసం పాటుపడ్డాడు. అందుచేత ఇంట్లో మాంసం కొనే స్తోమత లేకపోయింది. రోజూ బజారు నుండి కొన్ని టోఫు ముక్కలు తెప్పించుకొని వాటితోనే భోజనం ముగించేవాడు. అది చూచి ఆ ఊరి ప్రజలు టోఫుకు ఒక ముద్దుపేరు పెట్టారు. ఆ పేరును మన భాషలో చెప్పాలంటే "చిన్న దొరగారి వేటమాంసం" అనాలి. పదవ శతాబ్దపు చైనా గ్రంథమొకటి ఈ సంగతిని భద్రపరచింది. టోఫును గూర్చి మనకు దొరుకుతున్న అతి ప్రాచీనమైన వ్రాతలలో ఇది ఒకటి.

ప్రియమైన తల్లులారా, సహోదరీలారా, ఒక వంటకం పేరు ఒక మనిషి నీతికి సాక్ష్యంగా నిలవడం ఎంత గొప్ప సంగతి! ఈ నెల వంటింటి పుటలో ఆ వంటకాన్నే మీ ముందుంచుతున్నాము.

టోఫు అంటే ఏమిటి?

పాలు విరగగొట్టి, పిండి, జున్నుముక్కలా చేస్తే పనీరు అవుతుంది. సోయా గింజల పాలను అదే విధంగా విరగగొట్టి పిండితే టోఫు అవుతుంది. మన పట్టణాలలో దీనిని సోయా పనీర్ అని కూడా అంటారు. చైనా, జపాన్, కొరియా, ఇండోనేషియా దేశాలలో ఇది బీదల ఇంటిలోనూ ధనికుల ఇంటిలోనూ ఉండే రోజువారీ ఆహారం. జపానులో 1782లోనే టోఫుతో చేసే నూరు వంటకాల పుస్తకం అచ్చయింది.

సువార్త పనికీ దీనికీ కూడా సంబంధముంది. హ్యారీ మిల్లర్ (1879-1977) అనే అడ్వెంటిస్టు మిషనరీ వైద్యుడు 1903లో చైనా వెళ్లాడు. పోషణ లేక నశించిపోతున్న పసిబిడ్డలను చూచి, ఆ దేశపు గింజతోనే వారికి పాలు తయారుచేయాలని సంవత్సరాల తరబడి శ్రమించాడు. 1936లో షాంఘై నగరంలో సోయాపాల కర్మాగారం ప్రారంభించాడు. మరుసటి సంవత్సరమే యుద్ధంలో బాంబులు పడి అది నాశనమైంది. అయినా ఆయన ఆ పనిని విడువలేదు.

ఇక మన సంగతి. ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాల రైతు కుటుంబాలకు సోయా చిక్కుడు కొత్త పంట కాదు. అయితే గింజ నూనె మిల్లుకు పోతుంది, పిండి కోళ్ల దాణాకు పోతుంది. పండించిన ఇంటి కంచంలోకి మాత్రం అది రావడం అరుదు. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులుంటే, అంతే సోయాగింజలలో ఇంచుమించు 36 నుండి 40 గ్రాములుంటాయి. నీళ్లచారుతో అన్నం తిని బడికి వెళ్లే పిల్లలున్న ఇండ్లలో ఇది ఆలోచించవలసిన విషయం కాదా?

మాంసం తినడం తప్పని మేము చెప్పడంలేదు. ఆదివారం ఆరాధన తరువాత కోడికూర వండుకొనే ఇండ్లే మనవన్నీ. అయితే సోమవారం నుండి శనివారం వరకు ఆ పిల్లలకు ఏమి పెడుతున్నాము? దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు రాజు భోజనం వద్దని పది దినాలు శాకధాన్యాలతో గడిపిన సంగతి దానియేలు గ్రంథం మొదటి అధ్యాయంలో చదువుతాము. వారు అలా కోరింది దేవుని యెదుట పవిత్రంగా ఉండాలని. అయినా పది దినాలు గడిచాక వారి ముఖాలు మిగతావారి ముఖాలకంటె కళగా కనిపించాయి. బీద భోజనమని మనం తక్కువగా చూచే గింజలలో దేవుడు ఎంత బలముంచాడో గమనించండి.

ఇంటిలో టోఫు చేసే విధానం

ముందుగా ఒక హెచ్చరిక. విత్తనాల కోసం అమ్మే గింజలకు మందు పట్టించి ఉంటారు. వాటిని ఎంత కడిగినా వంటకు వాడరాదు. తినడానికి అమ్మే గింజలనే కొనండి.

పావుకిలో గింజలను రాత్రంతా నానబెట్టాలి. ఉదయాన చేతితో నలిపి పొట్టు తీసి, నీళ్లు పోస్తూ మెత్తగా రుబ్బాలి. మిక్సీ లేకపోతే రోలు చాలు. మొత్తం రెండు లీటర్ల నీళ్లు పడతాయి. పలుచని నూలుబట్టలో వడగట్టి గట్టిగా పిండితే పాలు దిగుతాయి. మిగిలిన పిప్పిని పారవేయకండి. గోధుమపిండిలో కలిపి రొట్టెలు చేయవచ్చు, గారెల పిండిలోనూ కలపవచ్చు.

పాలను పెద్ద గిన్నెలో పొయ్యిమీద పెట్టి, అడుగంటకుండా కలుపుతూ ఉండండి. నురుగు ఒక్కసారిగా పొంగి వస్తుంది. దానిని చూచి కాగిపోయిందని దింపవద్దు. మంట తగ్గించి ఇంకా పది పదిహేను నిమిషాలు మరిగించాలి. పచ్చి సోయా సరిగా ఉడకకపోతే కడుపులో వికారం, వాంతులు కలుగుతాయి.

దింపిన అయిదు నిమిషాలకు, మూడు పెద్ద చెంచాల నిమ్మరసాన్ని అర గ్లాసు నీళ్లలో కలిపి, రెండు మూడు విడతలుగా పోస్తూ మెల్లగా కలపండి. మూత పెట్టి పావుగంట ఉంచితే తెల్లని విరుగుడు తేలి, నీళ్లు లేతపసుపు రంగులో విడిపోతాయి. ఇంకా పాలలాగే ఉంటే మరికొంచెం నిమ్మరసం పోయాలి. చైనాలో ఇందుకు శుద్ధిచేసిన జిప్సం వాడతారు. అయితే మనం వేరుశనగ చేనికి చల్లే జిప్సం ఆహారానికి పనికిరాదు. దయచేసి ఆ ప్రయోగం చేయకండి.

విరుగుడును బట్టలో మూటగట్టి, చిల్లుల గిన్నెలో ఉంచి, పైన పళ్లెం పెట్టి బరువు పెట్టండి. మేము రుబ్బురోలు పొత్రం పెడతాము. గంట తరువాత మూట విప్పితే సుమారు 400 గ్రాముల టోఫు చేతికొస్తుంది. ఫ్రిజ్ ఉన్నవారు నీళ్లలో ముంచి పెట్టి, రోజూ నీళ్లు మారుస్తూ రెండు రోజులు వాడుకోవచ్చు. ఫ్రిజ్ లేనివారు ఆ రోజే వండుకోవాలి.

పెనం మీద వేయించడం

మా స్త్రీల సమాజంలో మొదటిసారి చేసినప్పుడు తొందరపడ్డాము. తడి పూర్తిగా ఆరకముందే నూనెలో వేశాము. నూనె చిటపటలాడి చేతులమీద పడింది. ముక్కలు పెనానికి అతుక్కున్నాయి. అట్లకాడతో గీకితే పొడుముపొడుమైంది. చివరికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి గుడ్డు పొరటులాగా చేసి పిల్లలకు పెట్టాము. వారు సంతోషంగానే తిన్నారు గాని, మేము నేర్చుకొన్నవి మూడు సంగతులు.

ఒకటి, తడి ఉండరాదు. టోఫును అరంగుళం మందాన ఇరవై ముక్కలుగా కోసి, కొద్దిగా ఉప్పు చల్లి పది నిమిషాలు ఉంచి, పొడిబట్టతో అద్దాలి. నిమ్మరసంతో విరిచినది కాస్త పెళుసుగా ఉంటుంది గనుక ముక్కలకు పలుచగా బియ్యప్పిండి పట్టిస్తే విరగదు, కరకరలాడుతుంది.

రెండు, పెనం బాగా కాలిన తరువాతనే రెండు పెద్ద చెంచాల నూనె వేసి, ముక్కలను ఒకదానికొకటి తగలకుండా పరచాలి.

మూడు, ఓపిక పట్టాలి. మధ్యస్థమైన మంటమీద నాలుగైదు నిమిషాలు కదిలించకూడదు. అడుగు ఎర్రబడినప్పుడు ముక్క తనంతట తానే పెనాన్ని విడుస్తుంది. అప్పుడు తిరగవేయాలి.

మూడు దేశాల రుచులు

టోఫుకు తనదంటూ పెద్ద రుచి లేదు. ఏ రసంలో వేస్తే ఆ రుచిని పీల్చుకుంటుంది. ఈ రసాలకు ఆధారం సోయాసాస్. సోయాగింజలు, గోధుమలు, ఉప్పు కలిపి నెలల తరబడి పులియబెట్టి దానిని తయారుచేస్తారు. ఒక పెద్ద చెంచాలో రెండు గ్రాములకు పైగానే ఉప్పుంటుంది. కాబట్టి ఈ వంటకాలలో వేరే ఉప్పు అవసరముండదు. రక్తపోటు ఉన్నవారికి సోయాసాస్ సగమే వేసి, మిగతా సగం నిమ్మరసంతో సరిచేయండి.

కొరియా పద్ధతి: రెండు పెద్ద చెంచాల సోయాసాస్, నాలుగు చెంచాల నీళ్లు, దంచిన మూడు వెల్లుల్లి రేకలు, చిటికెడు బెల్లం, అర టీస్పూను కారం కలపాలి. కొరియావారి కారం మెత్తనిది గనుక వారు ఎక్కువ వేస్తారు. మన గుంటూరు కారం అంత వేస్తే తినలేము. ఈ రసాన్ని వేయించిన ముక్కలమీద పోసి, సన్నమంటమీద అయిదు నిమిషాలు మగ్గించి, ఉల్లికాడల తరుగు, ఒక చెంచా నువ్వులనూనె వేయాలి. వారి నూనె వేయించిన నువ్వులతో తీసినది, వాసన ఎక్కువ. ఆ వాసన కోసం మనం వేయించి దంచిన నువ్వులపొడి కూడా చల్లుకోవచ్చు. వేడి అన్నంలోకి ఇది చాలా బాగుంటుంది.

జపాను పద్ధతి: రెండు చెంచాల సోయాసాస్, ఒకటిన్నర చెంచా బెల్లం తురుము, మూడు చెంచాల నీళ్లు, ఒక చెంచా అల్లం రసం కలిపి, ముక్కలున్న పెనంలోనే పోసి మరిగిస్తే, రసం చిక్కబడి ముక్కలకు నిగనిగలాడే పూత పడుతుంది. జపాను ఇండ్లలో దీనికి బియ్యంతో చేసిన తీపి సారా కలుపుతారు. మనకు అది అక్కరలేదు. బెల్లం, నీళ్లు ఆ పని చేస్తాయి.

ఇండోనేషియా పద్ధతి: అక్కడి సోయాసాస్ పాకంలా చిక్కగా, తియ్యగా ఉంటుంది. కారణం అందులో కలిపే తాటిజాతి చెట్ల బెల్లం. మన కోస్తా జిల్లాలవారికి తాటిబెల్లం ఇంటి సరుకే గదా! రెండు చెంచాల సోయాసాస్‌లో రెండు చెంచాల తాటిబెల్లం కరిగించి పాకంలా చిక్కబరచి, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, చిన్న ఉల్లిపాయలు, నిమ్మరసం కలిపి ముక్కలమీద పోయాలి. పైన వేయించిన వేరుశనగపప్పు పలుకులు చల్లాలి. పిల్లలు అడిగి తినేది ఇదే.

సోయా పడనివారు కొందరుంటారు. మొదటిసారి పిల్లలకు ఒక ముక్కే పెట్టి చూడండి. థైరాయిడ్ మాత్రలు వాడేవారు డాక్టరును అడిగి తినండి. ఇంటి సోయాపాలు చంటిబిడ్డకు తల్లిపాలకు బదులు కానేరవు.

చెరసాల గుమ్మం దగ్గర

కొరియా దేశంలో ఒక ఆచారముంది. చెరసాల నుండి ఒక మనిషి విడుదలై వచ్చే రోజున అతని వారు గుమ్మం బయట నిలబడి, ఒక తెల్లని టోఫు ముక్క అతని చేతిలో పెట్టి తినిపిస్తారు. చిక్కిన శరీరానికి బలమని ఒక మాట. ఇక మీదట ఈ ముక్కవలె తెల్లగా బ్రతకమని ఒక మాట. మరికొందరు ఇంకో అర్థం చెబుతారు. టోఫు అయిన తరువాత గింజ మళ్లీ గింజ కాలేదు, అలాగే నీవూ పాత చోటికి తిరిగి వెళ్లకూడదు అని.

ఆ గుమ్మం దగ్గర సాంబ్రాణి ధూపం లేదు, పెద్ద ఉపన్యాసం లేదు. ఎవరో ఒకరు ఎదురుచూస్తూ నిలబడ్డారు, ఆకలికి ఒక మెత్తని ముక్క తెచ్చారు. చెరసాలలో ఉన్నవారిని చూడవెళ్లడం తన్ను చూడవచ్చినట్టేనని మన ప్రభువు చెప్పిన సంగతి మనమెరుగుదుము. తప్పు చేసి తిరిగి వచ్చిన కుమారుడు మన వాడలోనూ ఉండవచ్చు. అతనికి మొదటి ముద్ద ఎవరు పెడతారు?

ముగించేముందు ఒక మాట. మన ఇండ్లలో కూర వడ్డించేటప్పుడు పురుషులకు, పిల్లలకు, వచ్చినవారికి పెట్టిన తరువాత తల్లి తింటుంది. అప్పటికి గిన్నెలో పులుసే మిగులుతుంది. ఎంత మిగిలిందో ఎవరూ చూడరు, ఆమె చెప్పదు. ఈ వంటకంలో ఒక మేలుంది. ముక్కలు లెక్కకు వస్తాయి. ఇంటిలో అయిదుగురుంటే ఇరవై ముక్కలు, మనిషికి నాలుగు. భర్తలారా, కుమారులారా, ఈసారి భోజనానికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి కళ్లు తెరవగానే, మొదట అమ్మ కంచంలో నాలుగు ముక్కలున్నాయో లేవో లెక్కపెట్టండి. లేకపోతే మీరే తీసి పెట్టండి.

మీ వంటశాలను, మీ బల్లను ప్రభువు దీవించును గాక.